పాత పట్టికలో 1.537, సాఫ్ట్‌వేర్‌లో 1.5406: ఆంగ్‌స్ట్రామ్ ఒకటేనా రెండా?

రాగి_గీత:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్, ప్రాజెక్టు పౌడర్ ఎక్స్-రే డిఫ్రాక్షన్ మీద. మా మెషీన్‌లో కాపర్ ట్యూబు ఉంది, సాఫ్ట్‌వేర్ దాని కె-ఆల్ఫా-1 గీత (రాగి నుంచి వచ్చే ఎక్స్-రేల్లో అన్నిటికంటే బలమైనది) తరంగదైర్ఘ్యాన్ని 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లుగా తీసుకుంటుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే 10⁻¹⁰ మీటర్, అంతవరకు బాగానే ఉంది. లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పాత ఎక్స్-రే పుస్తకం ఒకటి దొరికింది, 1930ల నాటిది. దాని వెనక పట్టికలో అదే గీతకి 1.5374 అని ఉంది. అదొక్కటే అయితే అచ్చుతప్పు అనుకుని ఊరుకునేవాణ్ణి, కానీ ఉప్పు స్ఫటికం యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడి) అంచు ఇప్పటి పుస్తకాల్లో 5.640 ఆంగ్‌స్ట్రామ్‌లైతే అందులో 5.628, కాల్సైట్ పొరల మధ్య దూరం ఇప్పుడు 3.035 అయితే అందులో 3.029. అన్నీ ఒకే లెక్కన కొంచెం కొంచెం తక్కువ. పైగా ఆ పుస్తకం ఒక పేజీలో ఆంగ్‌స్ట్రామ్ అంటుంది, ఇంకో పేజీలో ఎక్స్ యూనిట్ అంటుంది, మూడు స్థానాలు దశాంశ బిందువు జరిపితే రెండూ ఒకటే అన్నట్టు రాసేసింది. ఈ ఎక్స్ యూనిట్ ఏంటి? పికోమీటర్‌లో పదో వంతేనా?

ఇంకో చిన్న సాయం. మా తమ్ముడు ఇంటర్, కెమిస్ట్రీలో పికోమీటర్లు, ఫిజిక్స్‌లో ఆంగ్‌స్ట్రామ్‌లు, న్యూక్లియర్ చాప్టర్‌లో ఫెర్మీలు అని గోల పెడుతున్నాడు. ఎప్పుడు గుణించాలో ఎప్పుడు భాగించాలో తేలిగ్గా గుర్తుండే దారి ఉంటే చెప్పండి, నేను చెప్తే వాడికి ఎక్కట్లేదు.

కృష్ణాతీరం:
అప్పటి పరికరాలు అంత కచ్చితంగా ఉండేవి కావు కదా బ్రో, కొలత తేడా అయ్యుంటుంది. 1.5406 వాడెయ్, పాత పుస్తకం పక్కన పడెయ్.

స్ఫటికాల_పిచ్చి:
కృష్ణాతీరం గారూ, కొలత తేడా కానే కాదండీ. 1.5374 చాలా నికార్సైన కొలత, ఇప్పటికీ దాన్ని ఎవరూ తప్పు పట్టరు. తేడా అంతా స్కేలులో ఉంది. ఈ కథ నాకు చాలా ఇష్టం, కాబట్టి కాస్త సాగదీస్తా, ఓపిక పట్టండి.

ఎక్స్-రేల తరంగదైర్ఘ్యం కావాలంటే బ్రాగ్ సమీకరణంలో (కోణాన్ని, పొరల దూరాన్ని, తరంగదైర్ఘ్యాన్ని కలిపేది) స్ఫటికం పొరల మధ్య దూరం వెయ్యాలి. ఆ దూరం తెలియాలంటే తరంగదైర్ఘ్యం కావాలి. ఈ చిక్కులోంచి బయటపడటానికి అప్పట్లో దూరాన్ని లెక్కగట్టేవాళ్లు: స్ఫటికం సాంద్రత, ఫార్ములా భారం, అవొగాడ్రో సంఖ్య తీసుకుని ఒక్కో ఫార్ములా వాటాకి ఎంత చోటు వస్తుందో చూసి ఘనమూలం తియ్యడం. కోణాల కొలతేమో చాలా సూక్ష్మంగా వచ్చేది, ఈ లెక్కలోకి వచ్చే అవొగాడ్రో సంఖ్య మాత్రం అంత కచ్చితంగా తెలీదు. స్వీడన్‌లో మానె సీగ్బాన్ (1924 ఫిజిక్స్ నోబెల్ ఆయనదే) దీనికి చక్కని ఉపాయం చేశాడు. కాల్సైట్ పొరల మధ్య దూరం 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3029.04 ఎక్స్ యూనిట్లు అని తనే నిర్ణయించేసి, మిగతా గీతలన్నీ దానితో పోల్చి కొలుచుకుంటూ పోయాడు. ఎక్స్ యూనిట్ అంటే ఆంగ్‌స్ట్రామ్‌లో వెయ్యో వంతు కావాలన్నది ఉద్దేశం. అందుకే మీ పుస్తకం మూడు స్థానాలు జరిపితే చాలనుకుంది.

ఆ ఉద్దేశం 0.2 శాతం తేడాతో తప్పింది. ఎక్కడ తప్పిందంటే, అవొగాడ్రో సంఖ్యని ఫారడే స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించి తెచ్చేవాళ్లు. ఆవేశం మిల్లికాన్ నూనె చుక్కల ప్రయోగం నుంచి వచ్చింది, ఆయన విలువ 4.774 × 10⁻¹⁰ ఎలక్ట్రోస్టాటిక్ యూనిట్లు, ఇప్పుడు మనకి తెలిసినది 4.803. అంటే 0.6 శాతం తక్కువ. ఆవేశం తక్కువైతే అవొగాడ్రో సంఖ్య అంతే ఎక్కువ వస్తుంది, ఒక్కో ఫార్ములాకి చోటు అంతే తగ్గుతుంది, ఘనమూలం తీస్తే 0.6 కాస్తా 0.2 అవుతుంది. మీ పట్టికలో అన్నీ ఒకే లెక్కన తగ్గి ఉన్నది ఇందుకే.

దీన్ని పట్టుకున్న తీరు ఇంకా బాగుంటుంది. 1925లో కాంప్టన్, డోన్ కలిసి, గీతలు గీసిన మామూలు గ్రేటింగ్ మీద ఎక్స్-రేలని ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ పోయేలా వేసి, స్ఫటికంతో పని లేకుండా తరంగదైర్ఘ్యం కొలవొచ్చని చూపించారు. గ్రేటింగ్ గీతల మధ్య దూరాన్ని మైక్రోస్కోపు కింద స్కేలుతో కొలవచ్చు కాబట్టి అది నేరుగా మీటర్‌తో ముడిపడి ఉంటుంది. 1928లో ఉప్సలాలో బాక్లిన్, ఆ తర్వాత అమెరికాలో బేర్డెన్ ఈ పద్ధతిని జాగ్రత్తగా చేస్తే గ్రేటింగ్ విలువలు స్ఫటికం విలువల కంటే 0.2 శాతం దాకా ఎక్కువ వచ్చాయి. గ్రేటింగ్‌లో ఏదో లోపం ఉందని కొందరు, స్ఫటికాల్లోనే ఉందని కొందరు కొన్నేళ్లు వాదించుకున్నారు. చివరికి దొంగ దొరికింది మిల్లికాన్ లెక్కలోకి వెళ్లిన గాలి స్నిగ్ధత విలువ దగ్గర. గాలి స్నిగ్ధత కొంచెం తక్కువగా తీసుకుంటే ఎక్స్-రే పట్టికలన్నీ కుంచించుకుపోయాయంటే నమ్మబుద్ధి కాదు గానీ, జరిగింది అదే.

ఇక మార్పిడి. 1940ల్లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న గుణకం 1.00202, అంటే ఒక కిలో ఎక్స్ యూనిట్ (వెయ్యి ఎక్స్ యూనిట్లు) = 1.00202 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇప్పటి విలువ కాపర్ గీత ఆధారంగా 1.002077, మాలిబ్డినం గీత ఆధారంగా 1.002100 దగ్గర ఉంటుంది. రెండు గీతలకి రెండు వేరు ఎక్స్ యూనిట్లు వచ్చేశాయి కాబట్టి దీన్ని ఇక యూనిట్‌గా వాడకపోవడమే నయం. మీ 1.5374ని 1.002077తో గుణించి చూడండి, 1.5406 వస్తుంది.

రాగి_గీత:
సార్, మతి పోయింది. చాలా థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది: ఆంగ్‌స్ట్రామ్ అనే రాసి ఉన్న చోట ఏం చెయ్యాలి? ఉప్పు 5.628 పక్కన శుభ్రంగా ఆంగ్‌స్ట్రామ్ అనే ఉంది. పైగా 0.2 శాతమే కదా, నా పనికి అది లెక్కలోకి వస్తుందా?

స్ఫటికాల_పిచ్చి:
తేదీ చూడండి. 1947కి ముందు అచ్చయిన ఎక్స్-రే పట్టికల్లో ఆంగ్‌స్ట్రామ్ అని ఉన్నా చాలాసార్లు అది కిలో ఎక్స్ యూనిటే. తులం అంటే పాత లెక్కలో 11.66 గ్రాములు, ఇప్పుడు షాపులో పది గ్రాములు, పేరు మాత్రం అదే, ఇదీ అలాంటిదే. తేదీ తెలియకపోతే అదే పుస్తకంలో కాల్సైట్‌కో కాపర్ గీతకో ఏం రాశారో చూస్తే చాలు. 3.029, 1.537 కనబడితే పుస్తకమంతా పాత స్కేలు అన్నమాట.

0.2 శాతం మీకు ఎందుకు ముఖ్యమంటే, సిలికాన్ పొడి పెట్టి మెషీన్ సరిచూసుకుంటారు కదా, దాని సెల్ అంచు 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు. పాత తరంగదైర్ఘ్యం వేస్తే అది 5.420 దగ్గరికి వస్తుంది. పౌడర్ డేటాలో మూడో దశాంశం దాకా సులువుగా వస్తుంది, మీ తేడా రెండో దశాంశంలోనే ఉంది. డోపింగ్ (వేరే పరమాణువులు కొంచెం కలపడం) చేస్తే లాటిస్ (స్ఫటికంలో పరమాణువుల అమరిక) ఇంత పెరిగింది అని రాసేవాళ్లు చూపించే పెరుగుదల కూడా చాలాసార్లు ఇంతే ఉంటుంది. కొత్త నమూనా విలువ మీరు కొలిచి, పోలికకి పాత పుస్తకంలోది తీసుకున్నారనుకోండి, ఏ డోపింగూ లేకుండానే లాటిస్ పెరిగిపోతుంది.

చాక్‌పీసు:
తమ్ముడి సంగతి నేను చూస్తా, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయినవాణ్ణి.

బాబుకి ఒక్క వరుస నేర్పండి: నానోమీటర్‌కి 10 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆంగ్‌స్ట్రామ్‌కి 100 పికోమీటర్లు, పికోమీటర్‌కి 1000 ఫెమ్టోమీటర్లు. పది, వంద, వెయ్యి. ఇంతకంటే గుర్తు పెట్టుకోవాల్సింది లేదు. ఫెర్మీ అంటే ఫెమ్టోమీటరే, 10⁻¹⁵ మీటర్, పేరు రెండు రకాలు అంతే. పిల్లలు తడబడేది ఆంగ్‌స్ట్రామ్ దగ్గరే, ఎందుకంటే మిగతావన్నీ వెయ్యి వెయ్యి మెట్లు, ఇదొక్కటి మధ్యలో అడ్డంగా కూర్చుంది, 10⁻¹⁰ అని.

గుణించాలా భాగించాలా అన్నదానికి సూత్రం బట్టీ పట్టించొద్దు. యూనిట్‌ని అక్షరంలా చూసి ప్రతిక్షేపించమనండి. కార్బన్-కార్బన్ బంధం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు అంటే 1.54 × (1 ఆంగ్‌స్ట్రామ్), ఆ కుండలీకరణాల్లో 100 పికోమీటర్లు పెట్టు, 154 పికోమీటర్లు వచ్చింది. వెనక్కి రావాలంటే ఒక పికోమీటర్ బదులు 0.01 ఆంగ్‌స్ట్రామ్ పెట్టు. ఆలోచించే పనే లేదు. చివర్లో ఒక్క చూపు చూసుకోవాలి: యూనిట్ చిన్నదైతే అంకె పెద్దదవ్వాలి. హైడ్రోజన్ బోర్ వ్యాసార్ధం 0.529 ఆంగ్‌స్ట్రామ్, 52.9 పికోమీటర్, 0.0529 నానోమీటర్. ఇది ఉల్టా వస్తే అక్కడే ఆగిపోవాలి.

పరమాణువు ఎంత, కేంద్రకం ఎంత అన్న స్పృహ ఉంటే ఇంకా మంచిది. కేంద్రక వ్యాసార్ధం సుమారు 1.2 ఫెర్మీలు ఇంటూ ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలం. బంగారానికి 197, ఘనమూలం 5.82, అంటే 7 ఫెర్మీలు. ఎవడైనా బంగారు కేంద్రకానికి 7 పికోమీటర్లు అని తెస్తే వెయ్యి రెట్లు ఎక్కడో జారింది. ఎంసెట్ ఆప్షన్లలో సరిగ్గా ఆ వెయ్యి రెట్ల జవాబు కూడా పెడతారు, నవ్వుతూ కూర్చుని ఉంటుంది అది.

పొడవు దాకా అందరికీ వస్తుంది, ఘనపరిమాణం దగ్గర సగం మంది పడిపోతారు. ఆంగ్‌స్ట్రామ్‌కి వంద పికోమీటర్లు కాబట్టి ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌కి వంద అనేస్తారు, అది పది లక్షలు. సెల్ సాంద్రత లెక్కలకి ఒక కిటుకు చెప్తా. ఘనపు ఆంగ్‌స్ట్రామ్ అంటే 10⁻²⁴ ఘనపు సెంటీమీటర్లు, అవొగాడ్రో సంఖ్య 6.022 × 10²³, రెండూ గుణిస్తే ఘాతాలన్నీ పోయి 0.6022 మిగులుతుంది. ఉప్పుకి 5.64 ఘనం 179.4, సెల్‌లో నాలుగు ఫార్ములాలు, 4 × 58.44 అంటే 233.76. దాన్ని 0.6022 × 179.4తో భాగిస్తే ఘనపు సెంటీమీటర్‌కి 2.16 గ్రాములు. పది ఘాతం ఒక్కటీ రాయకుండా అయిపోయింది. పికోమీటర్లలో ఇస్తే ముందు వందతో భాగించి ఆంగ్‌స్ట్రామ్‌లు చేసుకుని మొదలుపెట్టమనండి.

సోడియం_దీపం:
డిగ్రీ ల్యాబ్‌లో ఉన్నా కాబట్టి ఇంకో తిరకాసు కలుపుతా. గ్రేటింగ్ ప్రయోగం అందరూ చేసే ఉంటారు, 15000 గీతలు ఒక అంగుళానికి, అంటే గీత నుంచి గీతకి 1.693 × 10⁻⁴ సెంటీమీటర్లు, సోడియం వెలుగు మొదటి ఆర్డర్ 20 డిగ్రీలు దాటి కాస్త పైన వస్తుంది. రికార్డులో ఫలితం రాసేటప్పుడు మన దగ్గర అలవాటుగా "5893 ఎ.యు." అని రాసేస్తారు. ల్యాబ్‌లో దాని అర్థం ఆంగ్‌స్ట్రామ్ యూనిట్ అని అందరికీ తెలుసు. ఖగోళం వాళ్లకి చూపిస్తే అది భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, క్వాంటం లెక్కలు చేసేవాళ్లకి అటామిక్ యూనిట్. అంగుళాలు, సెంటీమీటర్లు, ఆంగ్‌స్ట్రామ్‌లు అన్నీ ఒకే లెక్కలో ఉండటం చాలదన్నట్టు ఇదొకటి. నేనైతే పిల్లల చేత 589.3 నానోమీటర్లు అనే రాయిస్తున్నా.

తరవాత గాలి, శూన్యం గొడవ. సోడియం డి2 గీత కొన్ని పట్టికల్లో 5889.95, కొన్నింట్లో 5891.58 ఉంటుంది. ఇక్కడ రెండూ అసలైన ఆంగ్‌స్ట్రామ్‌లే, మొదటిది గాలిలో, రెండోది శూన్యంలో. గాలి వక్రీభవన గుణకం 1.00028 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ 1.6 తేడా. రాగి_గీతకి ఎక్స్-రేల్లో ఈ బాధ లేదు గానీ, స్పెక్ట్రోస్కోపీ వైపు వెళ్లేవాళ్లు చూసుకోవాలి. ఆంగ్‌స్ట్రామ్ నిర్వచనమే ఒకప్పుడు గాలిలో ఉండేది. 1907లో కాడ్మియం ఎర్ర గీత తరంగదైర్ఘ్యం పొడి గాలిలో 6438.4696 ఆంగ్‌స్ట్రామ్‌లు అని ఖాయం చేశారు, 1960 నుంచే అది కచ్చితంగా 10⁻¹⁰ మీటర్ అయింది.

కృష్ణాతీరం:
మరి ఇంత గోల ఉన్నప్పుడు ఆంగ్‌స్ట్రామ్‌ని తీసేస్తే పోయేది కదా? ఎస్ఐ వాళ్లు కూడా వద్దంటున్నారుగా.

స్ఫటికాల_పిచ్చి:
వద్దనే అంటున్నారు, 2006 ఎస్ఐ పుస్తకంలో పక్కన ఒక పట్టికలో అయినా చోటిచ్చారు, 2019 దాంట్లో అదీ లేదు. అయినా పోదు. బంధాల పొడవులు చాలావరకు ఒకటికీ మూడుకీ మధ్య పడతాయి, అంకెలు చేతికి ఇముడుతాయి. ప్రొటీన్ డేటా బ్యాంకులో ప్రతి పరమాణువు స్థానమూ ఆంగ్‌స్ట్రామ్‌లలోనే ఉంటుంది, స్ఫటిక నిర్మాణాలు దాచే సీఐఎఫ్ ఫైళ్లలోనూ అంతే. ఇన్ని లక్షల ఫైళ్లు ఎవరు మారుస్తారు? ఎక్స్-రే శక్తి కావాలన్నా 12.398ని ఆంగ్‌స్ట్రామ్‌లతో భాగిస్తే కిలో ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చేస్తాయి, కాపర్‌కి 12.398 బై 1.5406, అంటే 8.05. నానోమీటర్‌లో అయితే 1.2398. నాకు మొదటిదే చేతివాటం.

చిప్పుల_కంపెనీ_బానిస:
మా ఫీల్డులోకి కూడా ఆంగ్‌స్ట్రామ్ వచ్చేసింది, ఇంటెల్ తన చిప్ తయారీ తరాలకి 20ఎ, 18ఎ అని పేర్లు పెట్టింది. 18 ఆంగ్‌స్ట్రామ్‌లు అంటే 1.8 నానోమీటర్లు అని మార్చుకోవచ్చు, తప్పు లేదు, కానీ ఆ చిప్పులో స్కేలు పెట్టి చూస్తే ఆ కొలత ఉన్న భాగమేదీ దొరకదు. 3 నానోమీటర్ అన్న పేరూ అంతే, గేటు నుంచి గేటుకి దూరం పదుల నానోమీటర్లలో ఉంటుంది. వాటిని ముద్రించే ఈయూవీ (తీవ్ర అతినీలలోహిత) వెలుగు తరంగదైర్ఘ్యమే 13.5 నానోమీటర్లు. కాబట్టి ఇంటర్వ్యూలో ఎవరైనా ట్రాన్సిస్టర్ సైజుని పరమాణువుల్లో చెప్పమంటే ఆ పేరుని సిలికాన్ 5.43తో భాగించేయకండి.

బోర్_గారి_మనవరాలు:
సోడియం_దీపం గారు చెప్పిన మూడో ఎ.యు. గురించి. క్వాంటం కెమిస్ట్రీ ప్రోగ్రాముల ఔట్‌పుట్‌లో ఎ.యు. అని ఉంటే అది బోర్, 0.529177 ఆంగ్‌స్ట్రామ్. ఇన్‌పుట్ ఆంగ్‌స్ట్రామ్‌లలో ఇచ్చి, ఔట్‌పుట్ బోర్లలో వస్తే చాలామంది చూసుకోకుండా కాపీ చేస్తారు. పట్టుకోవడం తేలికే, నీళ్లలో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం 0.96 ఉండాల్సింది 1.81 కనిపిస్తుంది. ఇది పది ఘాతం తేడా కాదు కాబట్టి "అంకెలు బాగానే ఉన్నాయే" అనిపించి కన్ను జారిపోతుంది, అదే దీనితో ప్రమాదం. అన్నట్టు న్యూక్లియర్ వాళ్లకి కూడా ఒక గుణకం ఉంది, 197.3 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ఫెర్మీ. అది గుర్తుంటే శక్తి నుంచి పొడవుకి నేరుగా వెళ్లొచ్చు. వైశాల్యానికి వాళ్లు వాడే బార్న్ 100 చదరపు ఫెర్మీలు, అంటే 10⁻²⁸ చదరపు మీటర్లు. తమ్ముడు ఇక్కడ కూడా పది, వంద, వెయ్యి వరుసని వర్గం చెయ్యకుండా వాడతాడేమో చూడండి.

రాగి_గీత:
అందరికీ థ్యాంక్స్. పుస్తకంలో ముందుమాట తేదీ 1936, కాబట్టి పట్టిక మొత్తానికి 1.002077 వేసేస్తున్నా. తమ్ముడికి పది-వంద-వెయ్యి ఎక్కింది, బంగారు కేంద్రకం కూడా చేశాడు.

చివరగా ఒకటి. మా గైడ్ మేడమ్ స్మాల్ యాంగిల్ (చాలా చిన్న కోణాల్లో చెదిరే ఎక్స్-రేల) డేటా కూడా ఇచ్చారు. ఒక ఫైల్లో క్యూ (చెదిరిన కోణాన్ని పొడవుకి విలోమంగా చెప్పే రాశి) 0.1 పర్ ఆంగ్‌స్ట్రామ్ దగ్గర పీక్ ఉంది, ఇంకో ల్యాబ్ నుంచి వచ్చిన ఫైల్లో పర్ నానోమీటర్ అని ఉంది. పదితో భాగించి 0.01 చేశా, పీకులు ఒకదాని మీద ఒకటి కూర్చోవట్లేదు.

స్ఫటికాల_పిచ్చి:
విలోమ యూనిట్ కదా, మార్పిడి కూడా తిరగబడుతుంది. నానోమీటర్‌లో పది ఆంగ్‌స్ట్రామ్‌లు పడతాయి కాబట్టి, ఒక్కో ఆంగ్‌స్ట్రామ్‌కి 0.1 ఉంటే ఒక్కో నానోమీటర్‌కి పది రెట్లు, అంటే 1.0. మీరు 0.01 చేశారు, అది వంద రెట్లు తేడా. రెండు ఫైళ్లలోనూ 2 పై బై క్యూ చేసి చూడండి, 62.8 ఆంగ్‌స్ట్రామ్‌లు ఒకదాంట్లో, 6.28 నానోమీటర్లు రెండోదాంట్లో రావాలి. అప్పటికీ కూర్చోకపోతే రెండో ల్యాబ్ వాళ్ల క్యూలో 2 పై ఉందో లేదో అడగండి, కొందరు ఒకటి బై పొడవు అనే ఇస్తారు, అప్పుడు తేడా 6.28 రెట్లు కనిపిస్తుంది.